మా భైషీః: ప్రాణం కాపాడినవారికి దేశం ఇచ్చే పతకం



ఈ వారం వ్యాధి గురించి గాని, మందు గురించి గాని కాక, ఒక పతకం గురించి వ్రాస్తున్నాను. ఆరోగ్య విషయాలు చెప్పవలసిన చోట పతకాల ప్రసక్తి ఏమిటని మీకు సందేహం కలగవచ్చు. చివరి వరకు చదివితే, ఈ పతకం చరిత్ర వైద్యశాస్త్ర చరిత్రతో ఎంతగా పెనవేసుకొని ఉన్నదో మీకే బోధపడుతుంది. అంతకుముందు నా ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలో జరిగిన ఒక సంఘటన చెప్పాలి.

అప్పుడు నేను గోదావరి కాలువ గట్టున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. శ్రావణ మాసం. కాలువ నిండుగా పారుతోంది. గేదెలను కడగడానికి దిగిన ఇద్దరు పిల్లలు ప్రవాహంలో జారిపోయారు. గట్టు మీద వెళుతున్న ఒక వ్యవసాయ కూలీ, ముప్పై ఏళ్ళ వాడు, అది చూసి నీళ్ళలోకి దూకాడు. ఒక పిల్లవాణ్ణి ఒడ్డుకు చేర్చాడు. రెండవవాణ్ణి కూడా గట్టు మీదివారి చేతికి అందేటట్లు తోశాడు. ఆ తరువాత అతను పైకి రాలేదు. అరగంట గడిచాక దొరికిన శరీరాన్ని, కడుపులోని నీళ్ళు కక్కించాలని బోర్లించిన కుండ మీద దొర్లించి, ఆ పిమ్మట ఎడ్ల బండిలో నా దగ్గరకు తెచ్చారు. నేను చేయగలిగినదంతా చేశాను. ప్రయోజనం లేకపోయింది.

మరునాడు శవపరీక్ష చేసి, ‘నీట మునిగి ఊపిరాడక మరణం’ అని నివేదికలో వ్రాసి సంతకం చేశాను. బయట కూర్చున్న అతని భార్య నన్ను చూసి లేచి, “ఆయనెలా పోయారో ఆ కాయితంలో రాసేరా బాబుగారండీ?” అని అడిగింది. “రాశానమ్మా, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి” అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, మరి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆమె అడిగినది దానిని గురించి కాదని నాకు తెలియడానికి చాలా సంవత్సరాలు పట్టింది.

అటువంటి మనిషి ఎలా పోయాడో వ్రాసిపెట్టడానికి మన దేశంలో ఒక ఏర్పాటు అప్పటికే ఉంది. దాని పేరు జీవన్ రక్షా పదక్. ఆ సంగతి నాకు తెలియదు. ఆ ఊరిలో ఎవరికీ తెలియదు.

నీట మునిగినవారి కోసం ఏర్పడిన సంఘాలు

ప్రాణరక్షకులను గౌరవించాలన్న ఆలోచన రాజుల కొలువులో పుట్టినది కాదు. వైద్యుల నుండి, దయగల పౌరుల నుండి వచ్చినది. కాలువల నగరమైన ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లో నీట మునిగినవారిని రక్షించడానికి ఒక సంఘం ఏర్పడింది. నీటినుండి తీసిన మనిషి చలనం లేకుండా ఉన్నంత మాత్రాన మరణించినట్లు కాదు, ప్రయత్నిస్తే బ్రతికే అవకాశం ఉందన్నది ఆ సంఘం ప్రచారం చేసిన సిద్ధాంతం. ఆ రోజులలో ఇది సామాన్యమైన మాట కాదు.

ఆ సంఘం నివేదికలను థామస్ కోగన్ అనే వైద్యుడు ఆంగ్లంలోకి అనువదించాడు. లండన్‌లో విలియం హాస్ అనే మరో వైద్యుడు అప్పటికే, నీటినుండి తీసినవారిని ఆలస్యం చేయకుండా తన వద్దకు తెచ్చినవారికి సొంత డబ్బు బహుమతిగా ఇస్తున్నాడు. ఈ ఇద్దరూ కలిసి 1774లో స్థాపించిన సంఘమే తరువాత రాయల్ హ్యూమేన్ సొసైటీగా ప్రసిద్ధి కెక్కింది. ఆ సంఘం పతకం మీద, ఆరిపోయిన కాగడాను ఊదుతున్న ఒక బాలుని బొమ్మ ఉంటుంది. ఎక్కడో ఒక చిన్న నిప్పురవ్వ ఇంకా దాగి ఉండవచ్చునని దాని భావం. అత్యవసర వైద్యం మొత్తానికీ ఇంతకు మించిన చిహ్నం నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. మొదట్లో ఆ సంఘం రక్షకులకు ధనమే బహుమతిగా ఇచ్చేది. దానితో కొందరు పేద మోసగాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకడు నీట మునిగినట్లు నటించడం, మరొకడు వాణ్ణి రక్షించినట్లు నటించడం, వచ్చిన సొమ్మును ఇద్దరూ పంచుకోవడం! అందువల్ల క్రమంగా ధనం స్థానంలో పతకాలు, ప్రశంసా పత్రాలు వచ్చాయి.

ఆనాటి చికిత్సలు కొన్ని ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. తిత్తులతో పొగాకు పొగను మలద్వారం గుండా లోపలికి ఎక్కించేవారు! ఆ పొగ శరీరాన్ని ఉత్తేజపరుస్తుందని నమ్మకం. 1811లో బెంజమిన్ బ్రాడీ జంతువులపై ప్రయోగాలు చేసి పొగాకులో ప్రాణాంతకమైన విషం ఉన్నదని చూపిన తరువాత ఆ పద్ధతి వెనుకబట్టింది. అయితే, శరీరాన్ని వెచ్చబరచమని, నోటితో గాలి ఊదమని కూడా ఆ సంఘాలే చెప్పాయి. అవి సరియైన మాటలే. అంతకు ముందే 1732లో స్కాట్లాండ్‌లో విలియం టాసక్ అనే వైద్యుడు, గని పొగకు స్పృహ తప్పి ఊపిరి ఆగిన ఒక బొగ్గు కార్మికుని నోటిలోకి గాలి ఊది బ్రతికించాడు.

సాధారణ పౌరునికి రాజముద్ర

యుద్ధరంగంలో శౌర్యానికి బ్రిటిష్ ప్రభుత్వం విక్టోరియా క్రాస్‌ను 1856లో నెలకొల్పింది. ఆ తరువాత పదేళ్ళకు, 1866 మార్చి 7న, శత్రువు లేని చోట చూపిన ధైర్యానికి ఆల్బర్ట్ పతకం వచ్చింది. మొదట అది సముద్రంలో ప్రాణాలు కాపాడినవారికే. దానిని మొట్టమొదట అందుకున్నవాడు సైనికాధికారి కాడు, నావికుడు కాడు. అతడు శామ్యూల్ పాపుల్‌స్టోన్ అనే కౌలు రైతు. అదే నెలలో డెవన్ తీరాన తుపానులో ఓడ పగిలినప్పుడు, కొండ అంచున నిలబడి తాడు వేసి మనుషులను పైకి లాగినవాడు. అతని వృత్తాంతం చదివినప్పుడు నాకు కాలువ గట్టు మీది ఆ కూలీయే గుర్తుకు వచ్చాడు.

1877 ఏప్రిల్‌లో వేల్స్‌లోని టైనెవిడ్ బొగ్గుగనిలోకి నీరు చొచ్చుకొని వచ్చింది. కొందరు కార్మికులు లోపల చిక్కుబడిపోయారు. తోటి కార్మికులు రాత్రింబగళ్ళు బొగ్గు గోడను తొలుచుకుంటూ పోయి, చివరి ఐదుగురిని తొమ్మిది రోజుల తరువాత సజీవంగా బయటకు తెచ్చారు. సముద్రంలో చూపిన ధైర్యానికి ఇచ్చే గౌరవం భూగర్భంలో చూపిన ధైర్యానికి ఎందుకు ఇవ్వరాదన్న ప్రశ్న బయలుదేరింది. ఆ సంవత్సరమే ఆల్బర్ట్ పతకాన్ని నేలమీది సాహసాలకు కూడా విస్తరించారు. 1907లో గని కార్మికుల కోసం ఎడ్వర్డ్ పతకం, 1940 సెప్టెంబరులో జార్జి క్రాస్ వచ్చాయి.

అమెరికాలో 1904 జనవరిలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హార్విక్ గనిలో పేలుడు సంభవించి దాదాపు 180 మంది చనిపోయారు. వారిలో ఇద్దరు, ఇతరులను కాపాడడానికి లోపలికి దిగినవారు. ఆ వార్తకు చలించిన ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 50 లక్షల డాలర్లతో ఒక నిధి నెలకొల్పాడు. ఆ నిధి పతకం ఇవ్వడంతో ఆగలేదు. రక్షించబోయి మరణించినవాని భార్యాబిడ్డల పోషణ కూడా తన బాధ్యతగా స్వీకరించింది. పతకం గోడకు వ్రేలాడుతుంది, పొయ్యి మీద ఎసరు మాత్రం ఎవరో ఒకరు పెట్టాలి గదా! ఈ సత్యాన్ని గ్రహించినందుకు కార్నెగీని నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను.

మన దేశంలో

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశం తన శౌర్య పురస్కారాలను తానే రూపొందించుకొన్నది. శత్రువుకు ఎదురుగా కాక ఇతరత్రా చూపిన పరాక్రమానికి 1952లో అశోక చక్ర శ్రేణిని ప్రకటించారు. విమానాన్ని హైజాక్ చేసిన ఉగ్రవాదుల బారి నుండి ప్రయాణికులను కాపాడుతూ 1986 సెప్టెంబరు 5న కరాచీలో ప్రాణాలర్పించిన విమాన పరిచారిక నీర్జా భానోత్‌కు మరణానంతరం లభించినది అశోక చక్రమే.

ఆ శ్రేణికి అనుబంధంగా, ప్రాణరక్షణ కోసమే ప్రత్యేకించి 1961లో జీవన్ రక్షా పదక్ శ్రేణిని నెలకొల్పారు. అందులో మూడు మెట్లు ఉన్నాయి. రక్షకుని ప్రాణానికి అత్యంత ప్రమాదం ఉన్న పరిస్థితులలో చూపిన విశిష్ట ధైర్యానికి సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్. ప్రాణానికి గొప్ప ప్రమాదం ఉన్నప్పుడు ధైర్యంతో, తక్షణ స్పందనతో కాపాడినవారికి ఉత్తమ్ జీవన్ రక్షా పదక్. తీవ్రంగా గాయపడే ముప్పును లెక్కచేయక కాపాడినవారికి జీవన్ రక్షా పదక్. నీట మునగడం, అగ్నిప్రమాదం, విద్యుదాఘాతం, కొండచరియలు విరిగిపడడం, జంతువుల దాడి, గని ప్రమాదం వంటివన్నీ దీని పరిధిలోకి వస్తాయి. స్త్రీ పురుష భేదం గాని, వృత్తి భేదం గాని లేదు. మరణానంతరం కూడా ఇస్తారు. సైనికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది తమ విధి నిర్వహణలో భాగంగా చేసిన రక్షణకు మాత్రం ఇది వర్తించదు. అంటే, కాపాడవలసిన విధి లేకపోయినా కాపాడిన మనిషి కోసం ఉద్దేశించిన పతకం ఇది.

పతకం మీద అభయముద్రలో ఉన్న ఒక హస్తం, దాని పైన ‘మా భైషీః’ అన్న సంస్కృత వచనం ఉంటాయి. భయపడకు అని అర్థం. మన గుడులలో దేవుని చేయి భక్తునితో చెప్పే మాట అదే. ఆ మాటను మన రాజ్యం కూలివాని చేతికి, విద్యార్థి చేతికి, గృహిణి చేతికి ఆపాదించింది.

పతకంతో పాటు కేంద్ర హోంమంత్రి సంతకం చేసిన ప్రశంసా పత్రం, ఏకమొత్తంగా కొంత ధనం ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు సిఫారసు చేసినవారి నుండి ఎంపిక జరిగి, రాష్ట్రపతి ఆమోదంతో పేర్లు ప్రకటిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో గణతంత్ర దినోత్సవ సమయంలో ఆ జాబితా వెలువడుతున్నది. ఇంత పెద్ద దేశంలో ఏటా ఆ జాబితాకు ఎక్కేవారు కొన్ని పదుల మందే. ధైర్యవంతులు తక్కువై కాదు. వారి గురించి కాగితం కదిలించేవారు తక్కువ.

ఒక సంవత్సరం తేడా

వైద్యునిగా నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే ఒక కాకతాళీయం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో నోటితో గాలి ఊదే పద్ధతి మూలపడింది. ఇతరుల నోట నోరు పెట్టడం పట్ల ఏవగింపు ఒక కారణం. విడిచిన గాలి పనికిరాదన్న అపోహ మరొకటి. దాని స్థానంలో చేతులు పైకెత్తి దించడం, వీపు మీద నొక్కడం వంటి పద్ధతులు వచ్చాయి. నేను పాఠశాలలో స్కౌటుగా ఉన్నప్పుడు నేర్చుకున్నది 1932 నాటి హోల్గర్ నీల్సన్ పద్ధతి. బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కి, మోచేతులు ఎత్తడం. 1950 దశకంలో జేమ్స్ ఎలమ్, పీటర్ సఫార్ అనే వైద్యులు, మనం విడిచే గాలిలో మరొకరిని బ్రతికించడానికి చాలినంత ప్రాణవాయువు ఉంటుందని నిరూపించారు. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, రొమ్మును కోయకుండా పైనుండి లయబద్ధంగా నొక్కి ఆగిన గుండె ద్వారా రక్తప్రసరణ సాగించవచ్చునని ప్రకటించారు. ఈ రెండూ కలిసినదే నేటి సి.పి.ఆర్.

1960లో ప్రపంచానికి ఆ విద్య లభించింది. 1961లో మన దేశం ప్రాణరక్షకునికి పతకం నెలకొల్పింది. అయినా అటు తరువాత చాలా ఏళ్ళకు, మా కాలువ గట్టు మీద ఆ మనిషిని కుండ మీద దొర్లించారు. విద్యా చేరలేదు, పతకమూ చేరలేదు. అందుకు ఆ పల్లె ప్రజలను నేను తప్పుపట్టను. చేరవేయవలసినవారిలో నేనూ ఒకణ్ణి.

రక్షకుడు బ్రతకాలి

ఇక మీరు గుర్తుంచుకోవలసిన వైద్య విషయాలు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒకరిని కాపాడబోయి మరొకరు మునగడం మన చెరువులలో, కాలువలలో తరచుగా జరిగేదే. మునుగుతున్న మనిషి చేతికందినదాన్ని గట్టిగా పట్టుకొని తాను పైకి లేవాలని చూస్తాడు. అది అతని తప్పు కాదు, శరీరధర్మం.

కనుక దూకడం అన్నిటికంటె చివరి మార్గం. ముందు కేక వేసి నలుగురిని పిలవండి. గట్టు మీద పడుకొని గెడకర్ర గాని, చీర గాని, తువ్వాలు గాని అందించండి. అందనంత దూరమైతే తాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, గాలి నింపిన ట్యూబు విసరండి. 108కి ఫోను చేయించండి.

ఒడ్డుకు తెచ్చిన తరువాత కడుపు నొక్కవద్దు, తలక్రిందులుగా వ్రేలాడదీయవద్దు, కుండ మీద దొర్లించవద్దు. ఆ నీరు కక్కించే ప్రయత్నంలో పోయే నిమిషాలే ప్రాణం తీస్తాయి. కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం కూడా ఉన్నది. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనుకకు వంచి, గడ్డం పైకెత్తండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలోకి రెండు నుండి ఐదు సార్లు గాలి ఊదండి. ఆ పిమ్మట రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో, పెద్దవారిలో సుమారు 5 సెంటీమీటర్ల లోతున నొక్కండి. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, మరల మొదలు. సహాయం వచ్చేవరకు ఆపవద్దు.

విద్యుదాఘాతానికి గురైనవారిని ముట్టుకొనే ముందు మెయిన్ ఆపండి. పాడుబడిన బావిలోకి, మురుగు గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ దిగవద్దు. అక్కడ పేరుకొన్న విషవాయువు రెండు మూడు శ్వాసలలోనే స్పృహ తప్పిస్తుంది. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్ నగరంలో మురుగు కాలువ మ్యాన్‌హోల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు కార్మికులు పడిపోయారు. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు, ఆ ఇద్దరూ ఎవరో ఎరుగనివాడు, వారిని కాపాడబోయి లోపలే ప్రాణాలు వదిలాడు. ముగ్గురూ మరణించారు. మన తెలుగువారి కోసం మలయాళ సోదరుడు చేసిన ఆ త్యాగానికి నమస్కరిస్తూనే చెబుతున్నాను: ఆ పని గాలి సరఫరా పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది చేయవలసినది. ధైర్యంతో పాటు వివరం కూడా ఉంటే అటువంటి ఆటో డ్రైవర్లు సాయంత్రానికి ఇంటికి చేరుకొంటారు.

రోడ్డు ప్రమాదాలలో సాయపడితే పోలీసు కేసులలో ఇరుక్కుంటామన్న భయం ఇంకా చాలామందికి ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షను, సద్భావంతో సాయపడినవారికి రక్షణ కల్పించాయి. మీ పేరు, చిరునామా చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టరాదు. ఇక్కడ కూడా మాట అదే: మా భైషీః.

మీరు చేయవలసిన ఒక పని

మీ ఊరిలో ఎవరైనా తన ప్రాణానికి తెగించి మరొకరిని కాపాడితే, దినపత్రికలో వచ్చిన వార్తతో దానిని మరచిపోకండి. చూసినవారి పేర్లు, తేదీ, సమయం, స్థలం వ్రాసిపెట్టండి. పోలీసు కాగితాలు, ఆసుపత్రి కాగితాలు, ఫొటోలు భద్రపరచండి. జిల్లా కలెక్టరుగారికి అర్జీ పెట్టి, ఆ పేరును రాష్ట్ర ప్రభుత్వం ద్వారా జీవన్ రక్షా పదక్‌కు సిఫారసు చేయమని కోరండి. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో కూడా వివరాలు లభిస్తాయి. దీనికి గడువు ఉంటుంది, కనుక ఆలస్యం చేయకండి. వైద్య సోదరులకు మరొక విన్నపం. అటువంటి వ్యక్తి మీ వద్దకు గాయాలతో వచ్చినా, ప్రాణం లేకుండా వచ్చినా, ‘ఇతరులను రక్షించు సందర్భమున’ అన్న మాటను తెచ్చినవారు చెప్పినట్లుగా ఘటన వివరాల గడిలో నమోదు చేయండి. ఆ ఒక్క మాట ఆ కుటుంబానికి ఆధారం కావచ్చు.

నా వంతు విషయంలో గడువు ఎప్పుడో దాటిపోయింది. పదవీ విరమణ తరువాత ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. ఆమె లేరు. అతను ఒడ్డుకు తోసిన రెండవ పిల్లవాడు కనిపించాడు. ఇప్పుడు అతనికి మనుమలు ఉన్నారు. కాలువ రేవు దగ్గర కొత్తగా కట్టిన మెట్లు చూపించి, “ఇక్కడేనండి” అన్నాడు. ఆ రేవులోనే ఊరి యువకులను, పిల్లలను కూర్చోబెట్టి, బొమ్మ మీద సి.పి.ఆర్. ఎలా చేయాలో నేర్పాను. ఆరంభించే ముందు, చాలా ఏళ్ళ క్రిందట అక్కడ ఒక మనిషి ఎలా పోయాడో, నా నివేదికలో వ్రాయని సంగతితో సహా, వారికి చెప్పాను.

మీ ప్రాంతంలో ఇటువంటి శిక్షణ ఏర్పాటు చేసుకోండి. నేర్చుకొన్నవారు ఇంకొక ఇద్దరికి నేర్పండి.

ఆరోగ్యమస్తు.